నడిచి వచ్చేదాకా సంతకం లేదు

వెయ్యి తొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, మన కృత్రిమ అవయవాల కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరుగా మేడం గారు ఉద్యోగంలో చేరారు. ఈ నెలాఖరున అదే కేంద్రం నుంచి కంప్యూటర్ విభాగాధికారిగా పదవీ విరమణ చేస్తున్నారు. నడుమ గడిచిన కాలమంతా ఆమె ఒకే ఆవరణలో, ఒకే నడవాకు అటూ ఇటూ ఉన్న గదులలో పనిచేశారు. ఆమెను గురించి రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం, కాళ్ళకు అచ్చులు తీసే గది మేస్త్రిని అడిగింది. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అతనే. పొగడ్తలు ఆమెకు గిట్టవు. రాసేవాడికి చేతకావు. కాబట్టి జరిగినది జరిగినట్లుగా చెప్పడమే ఆమెకు తగిన గౌరవమని అతని అభిప్రాయం.

ఆ రోజుల్లో కేంద్రానికి ఉన్నది ఒకే ఒక కంప్యూటరు. దానికొక ప్రత్యేకమైన గది, దాని మీదొక పూలగుడ్డ ముసుగు, గుమ్మం పక్కన ఒక బోర్డు. 'పాదరక్షలు బయట విడువవలెను' అని ఆ బోర్డు మీద రాసి ఉండేది. దుమ్ము పడితే కంప్యూటరు చెడిపోతుందని ఎవరో చెప్పారట. మేడం గారు చేరిన వారంలోనే, కొలతలు నమోదు చేయించుకోవడానికి ఒక విశ్రాంత పోస్ట్‌మాన్ వచ్చారు. ఆయన ఎడమ కాలు మనం చేసినదే. బోర్డు చదివి, బుద్ధిగా రెండు బూట్లూ విప్పి, లోపలికి అడుగు పెట్టి వెనక్కి పడబోయారు. కృత్రిమ పాదాన్ని బూటు మడమ ఎత్తుకు తగినట్టు అమరుస్తారు. బూటు తీసేస్తే మనిషి వెనక్కి ఒరుగుతాడు. ఈ సంగతి కేంద్రంలో అందరికీ తెలుసు. ఆ గుమ్మం దగ్గర మాత్రం ఎవరికీ తోచలేదు. మేడం గారు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, బూట్లు స్వయంగా తెచ్చి ఇచ్చి, ఆ తర్వాత స్టూలెక్కి బోర్డు ఊడదీశారు.

"ఎవర్నడిగి తీశావమ్మా?" అని అప్పటి సూపరింటెండెంటు నిలదీశారు.

"ఎవర్నీ అడగలేదండి. కాళ్ళు చేసే చోట చెప్పులు విప్పమంటే కుదరదండి."

"మరి దుమ్మో?"

"నేను తుడుచుకుంటా."

తుడుచుకున్నారు. విభాగాధికారి అయిన తర్వాత కూడా ఆ గది ఆమే తుడుచుకున్నారు. 'కుదరదు' అనే మాట ఆ రోజు మొదటిసారి వినబడింది. పేరు కూడా ఆ రోజే పడింది. ఎదురుగా మేడం గారు, చాటుగా కుదరదమ్మ. ఒకసారి స్టోర్స్ గుమాస్తా నోరు జారి ఆ పేరును ఆమె ముందే అనేశాడు. ఆమె తల ఎత్తకుండా, "పిలిస్తే పిలిచావు గానీ, 'గారు' ఎక్కడ పారేసుకున్నావు?" అన్నారు.

మన నడవాకు ఒక పద్ధతి ఉంది. కుటుంబసభ్యులు కూడా ఈ సంచిక చదువుతారు కనుక చెప్పవలసి వస్తోంది. కొత్త కాలు తొడిగించుకున్న మనిషిని ఎలా ఉందని అడగకూడదు. అడిగితే బాగుందనే అంటారు. నెలల తరబడి తిరిగినవాళ్ళు. మళ్ళీ మొదటికి వస్తుందేమోనని భయం, చేసినవాళ్ళు నొచ్చుకుంటారేమోనని మొహమాటం. అందుచేత అడగం. చేతికి సగం నీళ్ళున్న బకెట్ ఇచ్చి, నడవా చివరి దాకా వెళ్ళి రమ్మంటాం. నోరు ఏదైనా దాచగలదు. బరువు మోస్తూ మలుపు తిరిగేటప్పుడు నడుము దాచలేదు.

ఈ పద్ధతి విలువ రాసేవాడికి ఇంట్లో కూడా తెలిసివచ్చింది. అతని భార్య అడిగినప్పుడల్లా 'బాగానే ఉంది' అంటూ వచ్చి, ఆ మాట అంటూనే వెళ్ళిపోయింది. ఆ మాటంటే అతనికి అప్పటినుంచి గిట్టదు. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఎలా ఉన్నారని అడిగారు. అడగనిది మేడం గారొక్కరే. వచ్చి, వంటగదిలో కారుతున్న కుళాయికి వాషరు మార్పించి వెళ్ళారు. ఆ సంగతి ఇక చాలు.

నడవాలోని ఈ పద్ధతిని మేడం గారు తన గదిలోకి తీసుకుపోయారు. కంప్యూటరు తెర మీద 'పని పూర్తయింది' అని వచ్చినప్పుడల్లా ఆమె లేచి వెళ్ళి, పూర్తయిందో లేదో కళ్ళారా చూసి వచ్చేవారు. "అది చెప్పింది సరే. అయిందా?" అనేది ఆమె కింద పనిచేసినవాళ్ళందరూ విన్న ప్రశ్న. కొందరికి అది చాదస్తంగా తోచింది. తోచినవాళ్ళలో కొందరు ఇప్పుడు పెద్ద పదవుల్లో ఉన్నారు.

రెండు వేల మూడవ సంవత్సరంలో చెక్కే యంత్రం వచ్చింది. అంతకుముందు మిగిలిన కాలికి ప్లాస్టర్ పట్టీ చుట్టి, అచ్చు తీసి, ఆకురాయితో సవరించి, దాని మీద సాకెట్ చేసేవాళ్ళం. సాకెట్ అంటే కాలు కూర్చునే తొడుగు. అది సరిగా లేకపోతే దాని కింద ఎంత మంచి పాదం పెట్టినా దండగ. యంత్రం వచ్చాక ప్లాస్టర్ తొట్టెలు తీసేశారు. స్కానరుతో కాలి ఆకారాన్ని కంప్యూటరులోకి తీసుకుని, అక్కడే సవరించి, ఫోమ్ దిమ్మెను ఆ ఆకారంలో చెక్కించడం మొదలైంది. అచ్చుల గదివాళ్ళు మొదట్లో మూతి ముడుచుకున్నారు. మేడం గారు యంత్రాన్ని నెత్తికెత్తుకోలేదు, పనివాళ్ళని తీసిపారేయలేదు. మేస్త్రి పాత అచ్చునూ యంత్రం చెక్కిన దిమ్మెనూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న ప్రతిచోటా అది ఎందుకు వచ్చిందో ఇరుపక్షాలూ ఒప్పుకునేదాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు. ఆ యంత్రం మీద కేంద్రానికి వచ్చిన మంచిపేరులో పెద్ద భాగం ఆమెది.

యంత్రాన్ని నడిపే ప్రోగ్రాంను ఒక చిన్న కంపెనీ రాసింది. ఒకే ఒక్క రకం ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేటట్టు రాసింది. కొన్నాళ్ళకు కంపెనీ మూతపడింది. ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. ప్రోగ్రాం మాత్రం రోజూ పనిచేస్తూనే ఉంది.

రెండు వేల పద్నాలుగులో పై కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. పాత కంప్యూటర్లన్నీ తీసేసి, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కొత్తవి పెట్టాలన్నది దాని సారాంశం. ఉత్తర్వులో తప్పు లేదు. పాతవి నిజంగానే ముసలివయ్యాయి. మారక తప్పదని మేడం గారు కూడా అన్నారు. చిక్కు ఒక్కచోటే వచ్చింది. పాత సిస్టమ్ కోసం పుట్టిన ప్రోగ్రాం కొత్తదాని మీద నేరుగా నడవదు. రెంటికీ మధ్య ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపించాలి. అది పెడితే అన్నీ నడుస్తాయని సరఫరా చేసినవాళ్ళు హామీ ఇచ్చారు. అప్పటి డైరెక్టరు గారు ఉత్సాహవంతులు. సమావేశం పెట్టారు.

"నడుస్తుందా, నడవదా? ఒక్క ముక్కలో చెప్పండి మేడం."

"ఒక్క ముక్కలో కుదరదు సార్."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మూతికి చేయి అడ్డం పెట్టుకున్నారు. మేడం గారు కొనసాగించారు.

"మధ్యలో పెట్టేది దుబాసీ లాంటిది సార్. మన ప్రోగ్రాంకి ఒక్క భాషే వచ్చు. కొత్త కంప్యూటర్‌ది ఇంకో భాష. ఇది అడిగింది అటు చెప్తాడు, అటునుంచి వచ్చింది ఇటు చెప్తాడు. బొమ్మ చూపించడం, కొలతలు మార్చడం, ఫైలు దాచడం, ప్రింటు తీయడం, ఇవన్నీ వాడికి బాగా వచ్చు. నేను చూశాను. నడుస్తున్నాయి."

"మరింకేం?"

"చెక్కే యంత్రంతో మాట్లాడే మాటలు వేరు సార్. ఆ కంపెనీవాళ్ళు సొంతంగా పెట్టుకున్నవి. వాటిలో కొన్ని దుబాసీకి రావు."

"రాకపోతే రాదని చెప్తాడుగా?"

"చెప్పడు సార్, అదే నా భయం. తెలియని మాట దగ్గర ఆగిపోతే మంచిదే, మనకి తెలుస్తుంది. కొన్నిచోట్ల ఆగడు. 'సరే' అనేసి ముందుకు పోతాడు."

జమాఖర్చుల అధికారి ఉండబట్టలేకపోయారు. "మన ఆఫీసులో సగంమంది పనిచేసేది అలాగేగా మేడం. ఆఫీసు నడవట్లేదా?"

అందరూ నవ్వారు. డైరెక్టరు గారు కూడా నవ్వారు. నవ్వుతూనే ప్రారంభోత్సవానికి తేదీ ఖాయం చేశారు.

ఆ రోజుకు ఎంపికైన మనిషి ఒక దర్జీ అమ్మాయి. రోడ్డు ప్రమాదంలో కుడి మోకాలి కింద కాలు పోయింది. బట్టలు కుట్టే పెద్ద దుకాణంలో, కాలితో తొక్కే మిషన్ మీద ఆమె పని. నెలాఖరు దాకా నీ చోటు ఎవరికీ ఇవ్వనని యజమాని మాట ఇచ్చాడు. ఆ తర్వాత తన చేతుల్లో లేదన్నాడు. ఇంట్లో తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు. ఆ అమ్మాయికి కావలసింది ఒక్కటే, కాలు తొడుక్కుని త్వరగా మన గేటు దాటి వెళ్ళడం.

కొత్త కంప్యూటరు మీద, దుబాసీ సాయంతో, ఆమె కాలి ఆకారం తెర మీద చక్కగా కనబడింది. చెక్కే యంత్రం కదిలింది, చెక్కింది, ఆగింది. 'పని పూర్తయింది' అని తెర చెప్పింది. సాకెట్ తయారైంది. ప్రారంభోత్సవం నాడు నడవా నిండా అతిథులు, ఒక ఫోటోగ్రాఫరు. కాలు తొడిగారు. అమ్మాయి లేచి ఆ చివరికి వెళ్ళి వచ్చింది. అప్పుడు డైరెక్టరు గారు మన నడవాలో ఎవరూ చేయని పని చేశారు. అడిగారు.

"ఎలా ఉందమ్మా?"

"చాలా బాగుంది సార్."

చప్పట్లు మోగాయి. ఫోటో తీశారు. పని పూర్తయినట్టు ధ్రువీకరించే పత్రం బల్ల మీదికి వచ్చింది. దాని మీద మేడం గారి సంతకం కావాలి. ఆమె పెన్ను చేతిలోకి తీసుకున్నారు గానీ మూత తీయలేదు.

"బకెట్ తీసుకురండి," అన్నారు.

"ఇప్పుడదెందుకు మేడం? అతిథులున్నారు," అన్నారు డైరెక్టరు గారు పళ్ళ బిగువున.

"ఉండనివ్వండి సార్. నీళ్ళు వాళ్ళ మీద పోయంగా."

అమ్మాయి బకెట్ అందుకుని బయల్దేరింది. మలుపు దగ్గర దాన్ని కింద పెట్టింది. పక్కనున్న గోడ పట్టుకుంది. ముఖం మాత్రం నవ్వుతూనే ఉంది. మేడం గారు వెళ్ళి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టారు. మేస్త్రి సాకెట్ విప్పాడు. కాలి కొసన చర్మం కమిలి ఎర్రగా ఉంది. అలాగే నడిస్తే పుండవుతుంది. పుండు ముదిరితే మోకాలు కూడా తీసేయవలసి వస్తుంది. అలాంటివాళ్ళు మళ్ళీ మన దగ్గరికే వస్తారు, ఇంకా పొట్టి కాలుతో.

"కుదరదు సార్," అన్నారు మేడం గారు.

డైరెక్టరు గారు గొంతు తగ్గించారు. "తెర మీద పూర్తయిందని వచ్చిందా లేదా?"

"వచ్చింది సార్. అది దుబాసీ చెప్పాడు. యంత్రం చెప్పలేదు."

"లోపల కొంచెం అరగదీస్తే సరిపోతుంది కదా? ఏం మేస్త్రీ?"

"అక్కడ అరగదీస్తే అడుగు పల్చనవుతుంది సార్. బరువుకి పగులుతుంది," అన్నాడు మేస్త్రి.

"పగలకపోయినా వద్దు సార్," అన్నారు మేడం గారు. "ఈయన చేత్తో సవరించినన్నాళ్ళూ కొత్త ఏర్పాటు బ్రహ్మాండంగా ఉందనే రాసుకుంటాం. ఈయన సెలవు పెట్టిన రోజు ఎవరిదో మోకాలు పోతుంది."

పెన్ను బల్ల మీద పెట్టేశారు.

ఆ రోజు అందరికన్నా గట్టిగా అరిచింది దర్జీ అమ్మాయి. "బాగుందని నేనంటుంటే మధ్యలో మీకేంటమ్మా నొప్పి? కాలు నాది! నా సీటు పోతే మీరొచ్చి కుడతారా?"

"కుట్టలేను," అన్నారు మేడం గారు. "కానీ ఇది తొడిగి నిన్ను పంపను."

అమ్మాయి ఊతకర్రలు తీసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ ఒక కర్రతో బకెట్‌ను తోసేసింది. నీళ్ళు నడవా అంతా పారాయి. అతిథులు ప్యాంట్లు పైకెత్తుకుని బయటికి నడిచారు.

మరుసటి వారం మేడం గారిని స్టోర్సుకు మార్చారు. కారణం 'పరిపాలనా సౌలభ్యం' అని రాశారు. రైల్వే గార్డుగా పనిచేసిన ఆమె భర్త ఆ నాటి సంభాషణను ఇటీవలే చెప్పారు. "ఆ సంతకమేదో పెట్టేస్తే పోయేదిగా?" అన్నారట ఆయన. "పోయేదే. ఆ పిల్ల మోకాలు పోయేది," అన్నారట ఈమె. ఆయన అక్కడే ఆగిపోయారట. "ఇరవై ఏళ్ళ కాపురంలో ఎక్కడ ఎర్రజెండా ఉంటుందో నాకు తెలియదా మేస్త్రి గారూ," అని నవ్వారు.

స్టోర్స్ గుమాస్తా మాత్రం ఆమెకు ఘనంగానే స్వాగతం చెప్పాడు.

"రండక్కయ్యా. శిక్ష పడి వచ్చినవాళ్ళకి ఇక్కడ కుర్చీ ఉండదు. స్క్రూల పెట్టె మీద సర్దుకోవాలి."

"నువ్వేం తప్పు చేసి వచ్చావు మరి?"

"నన్నసలు వేసిందే ఇక్కడ. తప్పు చేసే అవకాశం కూడా ఇవ్వలేదు."

ఆ గదిలోనే, తలుపు వెనక, తోలు పట్టీల బస్తాల పక్కన, వేలానికి పెట్టిన పాత కంప్యూటర్లు పేర్చి ఉన్నాయి. చెక్కే యంత్రాన్ని ఏళ్ళ తరబడి నడిపినది కూడా వాటిలో ఉంది. శిక్ష వేసినవాళ్ళకు ఆ సంగతి తోచలేదు. తోచి ఉంటే ఆమెను ఇంకోచోటికి పంపేవారు.

"వేలం సరుకు ముట్టుకోకూడదక్కయ్యా," అన్నాడు గుమాస్తా, ఆమె దాని మూత విప్పుతుంటే.

"వేలం ఎప్పుడు?"

"అది పైవాళ్ళకే తెలియదు."

"అయితే అప్పటిదాకా స్టోర్సు సరుకే. అవసరమైన విభాగానికి ఇచ్చానని రాసుకో."

"ఏ విభాగం?"

ఆమె గోడ వైపు చూపించారు. గోడకు అవతల ఉన్నది చెక్కే యంత్రం గది. ఒక కంప్యూటరు లోపలి భాగాలు తీసి ఇంకోదానికి బిగించి, పాత సిస్టమ్‌తోనే దాన్ని బతికించారు. గోడ పైభాగాన ఉన్న వెలుతురు కిటికీలోంచి కేబుల్ అటు వదిలారు. నిచ్చెన పట్టుకున్నది మేస్త్రి. కొత్త కంప్యూటరులో ఉన్న దర్జీ అమ్మాయి కాలి ఆకారాన్ని, అందులో ఏమీ మార్చకుండా, తెచ్చి ఇక్కడినుంచి మళ్ళీ చెక్కించారు.

రెండు దిమ్మెలూ పక్కపక్కన పెట్టి చూశారు. పైనంతా ఒక్కటే. కింది కొసన మాత్రం మొదటిది గోరు మందం ఎక్కువ చెక్కి ఉంది. కారణం ఆమె మేస్త్రికీ గుమాస్తాకూ విడమరచి చెప్పారు. ఒక విడత చెక్కగానే ప్రోగ్రాం యంత్రాన్ని అడుగుతుంది, కత్తి మొదటి చోటికి చేరిందా అని. పాత సిస్టమ్ మీద ఆ ప్రశ్న యంత్రం దాకా వెళ్ళేది, జవాబు వచ్చేదాకా ప్రోగ్రాం ఆగేది. కొత్తదాని మీద ఆ ప్రశ్న దుబాసీకి అర్థం కాలేదు. 'చేరింది' అనేశాడు. కత్తి ఇంకా దారిలో ఉండగానే చివరి విడత మొదలైపోయింది. ప్రోగ్రాం మంచిదే. యంత్రం మంచిదే. కొత్త సిస్టమ్ కూడా మంచిదే. తెలియనిచోట తెలియదనకపోవడం వల్ల ఒక మనిషి కాలు కమిలింది.

సాకెట్ తయారయ్యేసరికి నెల దాటింది. మేడం గారూ మేస్త్రీ బస్సెక్కి దర్జీ అమ్మాయి ఇంటికి తీసుకువెళ్ళారు. ఆమె చోటులో అప్పటికే వేరే మనిషి కూర్చుంది. "ఇప్పుడు తెచ్చారా?" అంది ఆ అమ్మాయి. తొడుక్కుంది. వాళ్ళమ్మ బకెట్ అందించింది. అమ్మాయి వీధి చివరి దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. థాంక్స్ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. తిరుగుబస్సు దిగేముందు మేడం గారు ఒక్క మాట అన్నారు.

"గోడ పట్టుకోలేదు మేస్త్రి గారూ."

ఆ కేబుల్ పదేళ్ళకు పైగా అక్కడే ఉంది. దాన్ని చాటుగా వాడుకుంటూ కొత్త ఏర్పాటుకు మంచిపేరు రానివ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది. కిటికీ కింద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు రాయించి పెట్టారు. 'ఆకారం, కొలతలు, ప్రింటు: కొత్త కంప్యూటర్లు. చెక్కడం: పాత కంప్యూటరు మాత్రమే.' తీసేయమని డైరెక్టరు గారు రెండుసార్లు కబురు పంపారు. చెక్కడం చూడ్డానికి ఒకసారి రమ్మని ఆమె రెండుసార్లూ తిరుగు కబురు పంపారు. ఆయన రాలేదు. బోర్డు ఉండిపోయింది. ఆయన ఆ తర్వాత ప్రమోషన్ మీద వెళ్ళారు. ఈ సంచికకు శుభాకాంక్షలు పంపారు. పక్క పేజీలో ఉన్నాయి. చదువుకోవచ్చు.

కొత్త డైరెక్టరు గారు మేడం గారిని తిరిగి కంప్యూటర్ విభాగానికి తెచ్చారు. చెక్కడం తప్ప మిగతా పనులన్నీ కొత్త కంప్యూటర్ల మీదే జరగాలని పట్టుబట్టినది కూడా ఆమే. పాతదాని మీద మమకారం ఆమెకు ఏ కోశానా లేదు. ఇతర శాఖలవాళ్ళు ఫోన్ చేసి, మా పాత ప్రోగ్రాం కొత్తదాని మీద నడుస్తుందా మేడం అని అడిగేవారు. "ఏ పనికి?" అనేవారు ఆమె. "అన్నిటికీ" అని వాళ్ళు. "అన్నిటికీ అని అడక్కండి. ఒక్కో పనీ చెప్పండి. ఒక్కోదానికీ చూసి చెప్తాను." చూసేవారు. నడిచేది నడుస్తుందనీ, నడవనిది నడవదనీ, తనకు తెలియనిది తెలియదనీ చెప్పేవారు. మూడో మాట చెప్పగల అధికారిని రాసేవాడు ఈ కేంద్రంలో ఇంకొకరిని చూడలేదు.

గత ఏడాది, కొత్త సిస్టమ్ మీద నేరుగా నడిచేలా రాసిన కొత్త ప్రోగ్రాం వచ్చింది. మధ్యలో దుబాసీ అక్కర్లేదు. మేడం గారు నెలల తరబడి ఉత్త దిమ్మెలు చెక్కించి చూశారు. కొలతలన్నీ సరిపోయాయి. పత్రం మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఆమె పెన్ను మూత మళ్ళీ తీయలేదు. మనిషి నడవాలన్నారు.

ఈ నెల మొదట్లో ఆ దర్జీ తనంతట తానే వచ్చింది. ఇప్పుడు ఆమె అమ్మాయి కాదు. ఇంటి ముందుగదిలో మిషన్లు వేసుకుని, మరో ఇద్దరికి పని చూపిస్తోంది. ఏళ్ళు గడిచి కాలు సన్నబడింది, సాకెట్ వదులైంది. కొత్త ప్రోగ్రాంతో మొదటి సాకెట్ ఆమెకే చేశారు. తొడిగే రోజున పిలవకుండానే అందరూ నడవాలో చేరారు. మేడం గారి పదవీ విరమణ దగ్గరపడింది, ఆలోగా ఆ సంతకం జరిగిపోవాలని అందరి ఆశ.

"అక్కయ్యా, ఈసారికి ఖాళీ బకెట్ ఇవ్వకూడదూ?" అన్నాడు స్టోర్స్ గుమాస్తా.

"నువ్వు పట్టుకెళ్ళేటప్పుడు ఇస్తాలే," అన్నారు మేడం గారు.

దర్జీ బకెట్ తీసుకుని వెళ్ళింది. మలుపు తిరిగింది. గోడ పట్టుకోలేదు. తిరిగి వచ్చి బకెట్ దించింది. ఆమే అంది.

"నొక్కుతోంది మేడం. లోపలి పక్క. ఇదిగో, ఇక్కడ."

వేలు పెట్టి చూపించింది. నడవాలో అందరి ముఖాలూ వాడిపోయాయి. మేడం గారి ముఖం ఒక్కటే వెలిగింది. ఆమె ముఖం అలా వెలగడం మేస్త్రి ఇన్నేళ్ళలో చూడలేదు.

"కూర్చో. చూద్దాం," అన్నారు.

తప్పు ప్రోగ్రాంది కాదు. స్కాన్ తీసేటప్పుడు కాలికి తొడిగిన మేజోడు లోపలి పక్క మడతపడింది. మళ్ళీ స్కాన్ తీశారు, మళ్ళీ చెక్కించారు, మళ్ళీ తొడిగారు. ఈసారి దర్జీ మలుపు దగ్గర ఆగలేదు. తిరిగి కూడా రాలేదు. నడవా దాటి, మెట్లు దిగి, ఆవరణ చివరనున్న మొక్కల దాకా వెళ్ళి, నీళ్ళు వాటికి పోసి, ఖాళీ బకెట్ ఊపుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు బాగుంది," అంది.

ఎవరూ అడగలేదు.

మేడం గారు పెన్ను మూత తీసి సంతకం పెట్టారు. ఆ తర్వాత నిచ్చెన వేయించి, వయసును లెక్కచేయకుండా స్వయంగా ఎక్కి, కేబుల్ ఊడదీసి చుట్టగా చుట్టారు. కిటికీ కింది బోర్డు కూడా తీసేశారు. ఈ కేంద్రంలో ఆమె తీసేసిన బోర్డులు రెండు. మొదటిది ఎవరో పెట్టినది, రెండోది తాను పెట్టినది. రెండూ అవసరం లేనప్పుడే తీశారు. పాత కంప్యూటరును గుమాస్తాకు అప్పగిస్తూ, "ఇక వేలానికి పంపు" అన్నారు. "వేలం ఎప్పుడో పైవాళ్ళకి ఇంకా తెలియదక్కయ్యా," అన్నాడు వాడు.

ఇక శుభాకాంక్షలు చెప్పవలసి ఉంది. మేడం గారికి ఈమధ్య మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయని ఆమె భర్త చెప్పారు. అడిగితే 'బాగానే ఉంది' అంటున్నారట.

మేడం గారూ, ఇది కుదరదు. నొప్పి ఎక్కడుందో ఆ దర్జీలాగా వేలు పెట్టి చూపించండి. గార్డు గారూ, మీకొక మనవి. ఎలా ఉందని ఆమెను అడగకండి. సగం నీళ్ళున్న బకెట్ చేతికిచ్చి, పెరటి చివరి దాకా వెళ్ళి రమ్మనండి. మీరు తలుపు దగ్గర నిలబడి చూడండి. మీకు చూసే భాగ్యం ఉంది.

మేడం గారు గోడ పట్టుకోకుండా, నిండైన ఆరోగ్యంతో, మరెన్నో ఏళ్ళు అలా వెళ్ళి వస్తూ ఉండాలని ఈ నడవా మనసారా కోరుకుంటోంది.